కొండని కూలిన బిల్డింగ్‌లా చూసిన ఆర్కిటెక్ట్

2019 ఏప్రిల్ 15న పారిస్‌లో నోట్రే డామ్ చర్చి తగలబడినప్పుడు, సూదిలాంటి పొడవాటి స్పైర్ మంటల్లో విరిగి పడటం టీవీలో చూసే ఉంటారు. 19వ శతాబ్దంలో దాన్ని డిజైన్ చేసింది ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ వియోలే-లె-డ్యూక్. ఈ ఎపిసోడ్ ఆయన గీసిన కొండల గురించి.

1868 నుంచి ఆయన ఎండాకాలాల్లో ఆల్ప్స్‌కి, మౌంట్ బ్లాంక్ దగ్గరికి వెళ్లేవారు. దూరపు శిఖరాలు గీయడానికి టెలీఐకనోగ్రాఫ్ అనే పరికరం వాడారు. సింపుల్‌గా చెప్పాలంటే, టెలిస్కోప్‌కి ఒక పట్టకం బిగిస్తారు. లోపల కనిపించే దృశ్యం కాగితం మీద పడినట్టు అనిపిస్తుంది, దాని మీదే పెన్సిల్‌తో గీసుకోవచ్చు. 1876లో ఈ కొండల మీద ఒక పుస్తకం, 1:40,000 స్కేల్‌లో ఒక మ్యాప్ తెచ్చారు.

అసలు విషయం ఇక్కడుంది. ఆయన కళ్లకి కొండ అంటే కూలిన బిల్డింగ్. పాత కోడ్ చూసి ఒరిజినల్ డిజైన్ ఏంటో మనం ఊహిస్తాం కదా, అలాగే రాళ్ల పగుళ్లు, కోణాలు చూసి, అరిగిపోకముందు ఈ కొండ ఎలా ఉండేదో కూడా గీశారు. మొదట్లో ఇది పక్కా జామెట్రీ ఉన్న, స్ఫటికం లాంటి దిమ్మ అని ఆయన నమ్మకం.

అది తప్పు. భూఫలకాలు ఢీకొని ఆల్ప్స్ లేచాయి. లేస్తున్నప్పుడే నీళ్లు, మంచు వాటిని కోస్తూ వచ్చాయి. అంటే ఆయన గీసిన ఆ 'ఒరిజినల్' ఎప్పుడూ లేదు. నోట్రే డామ్ విషయంలోనూ విమర్శ ఇదే. పాత స్పైర్‌ని 18వ శతాబ్దంలోనే తీసేశారు. ఈయన కట్టించింది దాని కాపీ కాదు, సొంత డిజైన్.

మరి ఆ బొమ్మలు పనికిరావా? అలా అనలేం. ఊహించి గీసినవి పక్కన పెట్టి, చూసి గీసినవి తీసుకోండి. అప్పట్లో మంచు ఎక్కడిదాకా ఉండేదో అవి చెప్తాయి. మేర్ ద గ్లాస్ అనే హిమానీనదం పక్కన 1909లో రైల్వే స్టేషన్ వచ్చింది. ఆ తర్వాత మంచు ఎంత కిందికి దిగిపోయిందంటే, దాన్ని అందుకోవడానికి వందల మెట్లు కట్టాల్సి వచ్చింది.

కాలిపోయిన స్పైర్‌ని ఆయన డిజైన్ ప్రకారమే మళ్లీ కట్టారు, 2024 డిసెంబర్‌లో చర్చి తెరిచారు. కరిగిన మంచుని మాత్రం ఏ డ్రాయింగ్ చూసీ మళ్లీ కట్టలేం. అందుకే ఆయన చూసి గీసిన ప్రతి గీతా ఇప్పుడు విలువైనదే.