చచ్చిన పశువు విలువ, రైలెక్కు ఎముకలు

"ఏనుగు బ్రతికినను వేయి, చచ్చినను వేయి" యని లోకోక్తి. మన ఎద్దుకు అంత వెల లేకున్నను, చచ్చిన ఎద్దు వట్టి నష్టమనుకొనుట సరికాదు. దాని తోలు, ఎముకలు, కొమ్ములు, గిట్టలు, క్రొవ్వు, వీనిలో కొనువాడు లేని వస్తువు లేదు. ఐనను పశువు కూలినదినముననే రైతు దానిని మఱచును. కళేబరము ఊరిబయట పడవేయబడును. కొన్నాళ్లకు ఎముకలేరువారు వచ్చి గోనెలు నింపుకొని పోవుదురు. ఆ గోనెలతో మన నేలనుండి ఏమి పోవుచున్నదో సంఘసభ్యులు విచారింపవలయును.

ఇంగ్లండులో 1842వ సంవత్సరమున లాస్ అను నాతడు ఎముకలవంటి భాస్వరపు పదార్థములకు గంధకామ్లము కలిపి సూపరు ఫాస్ఫేటు చేయు పద్ధతికి పేటెంటు పొందెను. ఆ దేశపు పొలములకు ఎముకలు ఎంతగా కావలసివచ్చెననగా, పరదేశపు యుద్ధభూములను సైతము త్రవ్వి కొనిపోవుచున్నారని జర్మను శాస్త్రజ్ఞుడు లీబిగ్ నిందించెను. మన దేశపు ఎముకలును ఓడలెక్కెను. ఇట్టి యెగుమతివలన నేలసారము తఱుగునని డాక్టరు వోల్కరు 1893లో వెలువడిన తన నివేదికలో చూపెను. గుంతకల్లు-బెజవాడ రైలుమార్గము నంద్యాలమీదుగా పడిన పిమ్మట మన లోతట్టు పల్లెల బరువుసరకులకు రేవులు దగ్గఱయ్యెను. ఆళ్లగడ్డకు మాత్రము నేటికిని రైలు లేదు. 2016లో తెఱచిన నంద్యాల-ఎఱ్ఱగుంట్ల మార్గము బనగానపల్లె, కోవెలకుంట్లల వైపుగా పోయెను. కావున ఆళ్లగడ్డ సరకు సుమారు 40 కిలోమీటర్లు రోడ్డున వచ్చి నంద్యాలలో రైలెక్కవలసినదే.

రైలువారి నిబంధన యొకటి మనకు మంచి పాఠము. 1890వ సంవత్సరపు రైల్వే చట్టము మొదలు నేటివఱకు కొన్ని సరకులు హేయవస్తువులుగా ఎంచబడుచున్నవి. కళేబరములు, ఎండు నెత్తురు, కుళ్లిన పదార్థములతోపాటు ఎముకలును ఆ పట్టికలో గలవు. కాని శుభ్రపఱచి తెల్లబఱచిన ఎముకలకు ఆ దోషము లేదు. ఒక్కటే వస్తువు, మాంసము అంటియున్న హేయము, కడిగి యెండబెట్టిన సరకు. వెలయందలి భేదమును చాలవఱకు ఇందే కలదు.

కార్ఖానాలో జరుగు పని యిది. కళేబరపు వ్యర్థములను మూతగల పాత్రలలో వేడిచేసి ఉడికింతురు. క్రొవ్వు కరగి వేఱగును. అది సబ్బులకు పోవును. యూరపునందలి ఒక విధి ప్రకారము 133 డిగ్రీల వేడిలో, 3 బార్ల ఆవిరి యొత్తిడిలో, 20 నిమిషములు ఉంచవలయును. శుభ్రమైన ఎముకలను నలుగగొట్టి ఆమ్లములో నానవేసిన, మెత్తని ఆసీను మిగులును. దానినుండి మందుగొట్టములకు వాడు జెలాటిను చేయుదురు. తక్కిన ఎముకలు పొడియై ఎరువగును.

ఈ పొడిని గూర్చి రైతు లెక్క తెలిసికొనవలెను. పచ్చి ఎముకలపొడి 100 కిలోలలో సుమారు 20 కిలోల భాస్వరము, 3 కిలోల నత్రజని యుండును. నూటికి 16 పాళ్ల సూపరు బస్తా 50 కిలోలలో భాస్వరము 8 కిలోలే. అనగా 100 కిలోల పొడి రెండున్నర బస్తాలకు సమానము. ఐనను తొందరపడరాదు. మన నంద్యాల రేగడి సున్నముగల క్షారపు నేల. ఎముకలలోని భాస్వరము ఆమ్లగుణముగల నేలలో కరగినట్లు ఇందు కరగదు. అది పద్దులో నుండియు చేతికి రాని సొమ్మువంటిది. రేగడిరైతు ఎముకలను శుభ్రపఱచి అమ్మి, ఆ సొమ్ముతో సూపరు కొనుట మేలు. ఇతర నేలలవారు మన్ను పరీక్ష చేయించి, ఆమ్లగుణమున్న యెడలనే పొడిని వాడవలయును. పశువుల మేతలో మాత్రము మాంసపుపొడిని, ఎముకలపొడిని కలుపరాదు. బ్రిటనులో 1986లో వెఱ్ఱియావు వ్యాధి బయటపడగా, 1988లో పశువులకు అట్టి మేత నిషేధింపబడెను.

ఇక ప్రాణభయముగల విషయము. ఆరోగ్యముగా నున్న పశువు హఠాత్తుగా చచ్చి, ముక్కునుండియో ఆసనమునుండియో గడ్డకట్టని నల్లని నెత్తురు కాఱిన యెడల, అది దొమ్మరోగమని శంకింపవలెను. అట్టిదానిని కోయరాదు, తోలు ఒలువరాదు. పశువైద్యునికి తెలిపి, ఆఱడుగుల లోతున సున్నముతో పాతవలెను. ఆ విషబీజములు మన్నులో అనేక సంవత్సరములు బ్రతికియుండును. రూపాయలకాశపడి ఒలిచిన తోలు ఒలిచినవాని ప్రాణము తీయగలదు. పూర్వము రాబందులు కళేబరములను గంటలలో శుభ్రపఱచెడివి. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందువలన అవి నశించెను. 2006లో పశువులకు ఆ మందు నిషేధింపబడినను, రాబందులు మునుపటివలె పెరుగలేదు. కావున ఆ పని మనమీదనే పడినది.

సంఘములు చేయదగినవి మూడు. ఊరికి దూరముగా, నీటివనరులకు తగులని చోట చప్టాతో నొక పాకవేసి, తోలొలుచు పని తెలిసినవారికి చేతితొడుగులు, మంచి కత్తులు, తగిన కూలి యీయవలెను. తరతరములుగా ఈ పనిచేయువారికి ఊరు అవమానమునిచ్చెనే కాని లాభములో పాలీయలేదు. అది యిక సాగరాదు. రెండవది, ఒలిచిన కొద్ది గంటలలోనే తోలుబరువులో మూడవవంతు ఉప్పు పట్టింపవలెను. కత్తిగాట్లు పడిన తోలుకు వెల పడిపోవును. మూడవది, ఎముకలను కడిగి యెండబెట్టి, పలుగ్రామముల సరకు నొక్కచోట చేర్చి అమ్మవలెను. రైళ్లు నేడు ముఖ్యముగా నిండు రేకులనే మోయుచున్నవి. రెండు గోనెలవాడు లారీవాడు చెప్పిన వెలకు తలయూపవలసినదే. నూఱు గోనెల సంఘము వెల యడుగగలదు.

వచ్చు సమావేశమున సభ్యులు ఈ విషయమును చర్చకు పెట్టుదురుగాక. మన పొలము మేసి పెరిగిన పశువు యెముకలో మన పొలమే యున్నది. దానిని ఊరక పోనిచ్చుట కంటె, వెల కట్టి పంపి, ఆ వెలను తిరిగి పొలమునకే చేర్చుట వివేకము.