మాంసమే మంచుగడ్డ

"పెట్టెలో ఐస్ వేయకపోతే మాంసం కరిగిపోదా సార్?" అలాస్కా వేటగాళ్ల గురించి చెబుతుంటే తరగతిలో ఒకమ్మాయి అడిగింది. చవక థర్మాకోల్ పెట్టె గొప్పతనమంతా ఆ ప్రశ్నకు జవాబులోనే ఉంది.

ముందు వేటగాళ్ల సంగతి. అమెరికాలోని మిగతా రాష్ట్రాల నుంచి చాలామంది మూస్, కారిబూ లాంటి జింక జాతి జంతువుల వేటకు అలాస్కా వెళ్తారు. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేసి రావడం అక్కడ నేరం. పెద్ద మూస్ ఒక్కటి పడితే రెండొందల కిలోలకు పైగా మాంసం వస్తుంది. దాన్ని ముక్కలు కొట్టించి, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దాకా గడ్డకట్టించి, విమానంలో లగేజీగా ఇంటికి తెచ్చుకుంటారు. అక్కడి విమానాల్లో మామూలుగా ఒక్కో లగేజీ 23 కిలోలు మించకూడదు. దళసరి ప్లాస్టిక్ గోడల ఖరీదైన కూలర్లలో చాలావాటికి ఖాళీ పెట్టే పది కిలోలు తూగుతుంది. థర్మాకోల్ పెట్టె కిలో కూడా ఉండదు. మిగిలిన బరువంతా మాంసానికే!

ఇంత తేలికైన గోడ వేడిని ఎలా ఆపుతుంది? థర్మాకోల్ ముక్క ఒకటి విరిచి చూడండి. విరిగిన చోట ఒకదాన్నొకటి నొక్కుకున్న తెల్లటి పూసలు కనిపిస్తాయి. తయారీకి ముందు అవి పంచదార పలుకులంత పాలిస్టైరీన్ గింజలు. వాటిలో పెంటేన్ అనే ద్రవం ఇమిడి ఉంటుంది. అది 36 డిగ్రీలకే మరుగుతుంది. గింజలకు ఆవిరి పట్టిస్తే ప్లాస్టిక్ మెత్తబడుతుంది, లోపలి పెంటేన్ వాయువై ఉబ్బుతుంది, గింజ నలభై యాభై రెట్లు పొంగుతుంది. కొంతసేపు ఆరనిస్తే పెంటేన్ పోయిన చోటికి గాలి చేరుతుంది. తర్వాత అచ్చులో పోసి మళ్లీ ఆవిరి పడితే, ఇంకా ఉబ్బడానికి చోటు లేక పూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అలా తయారైన పెట్టె గోడలో నూటికి 98 పాళ్లు గాలే. గాలి వేడిని సరిగా మోయలేదు. దానికున్న ఒకే ఒక్క చెడ్డ గుణం కదలడం. వేడెక్కి పైకి లేస్తూ వేడిని మోసుకుపోతుంది. కంటికి ఆనని గదుల్లో బంధిస్తే ఆ కదలికా ఉండదు. నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఇదే.

ఇక అమ్మాయి ప్రశ్న. పెట్టె చల్లదనాన్ని పుట్టించదు, వేడి రాకను నెమ్మదింపజేస్తుందంతే. ముప్పై లీటర్లు పట్టే పెట్టెకు రెండున్నర సెంటీమీటర్ల గోడ ఉండి, బయట 20 డిగ్రీలుంటే, లోపలికి దూరే వేడి సుమారు 30 వాట్లు. రోజుకు దాదాపు 2,600 కిలోజౌళ్లు. లోపల 20 కిలోల మాంసం ఉందనుకోండి. అందులో నీరే 15 కిలోలు ఉంటుంది. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి కాబట్టి, ఆ నీరంతా కరగాలంటే 5,000 కిలోజౌళ్లు దాటాలి. అంటే ఒక రోజంతా గడిచినా కరిగేది సుమారు సగమే. విడిగా ఐస్ ఎందుకు? మాంసమే మంచుగడ్డ.

అందుకే అనుభవమున్నవాళ్లు పెట్టెలో సందు మిగలనివ్వరు. ముక్కల మధ్య పాత పేపర్లు, బట్టలు కుక్కి, మూత చుట్టూ టేపు వేస్తారు. పెట్టె పగలకుండా అట్టపెట్టెలో దింపుతారు. డ్రై ఐస్ వేసుకునేవాళ్లూ ఉన్నారు. అమెరికా నిబంధనల ప్రకారం, విమాన సంస్థ ఒప్పుకుంటేనే, మనిషికి రెండున్నర కిలోల దాకా వేసుకోవచ్చు. అప్పుడు మాత్రం మూత గట్టిగా బిగించకూడదు. కిలో డ్రై ఐస్ ఐదొందల లీటర్లకు పైగా వాయువవుతుంది, దానికి దారి ఉండాలి.

ఈ థర్మాకోల్ నురగ చరిత్రలో ఇద్దరు పోటీదారులున్నారు. అమెరికాలో డౌ కంపెనీకి చెందిన రే మెకింటైర్ 1940లలో కరిగించిన పాలిస్టైరీన్‌ను పొంగించి పలకలుగా తీశాడు. అయితే స్వీడన్‌కు చెందిన కార్ల్ ముంటర్స్ ఆ దారి ముందే కనిపెట్టి పేటెంటు పొందాడు. మోటారు లేకుండా నడిచే ఫ్రిజ్‌ను రూపొందించిన ఇద్దరిలో ఒకడూ ఆయనే! పూసల పద్ధతి మాత్రం 1949లో జర్మనీలో బీఏఎస్ఎఫ్‌కు చెందిన ఫ్రిట్జ్ స్టాస్ట్నీది. తర్వాత అది టీకాల పెట్టెలకు, మన చేపల మార్కెట్లకు చేరింది.

మళ్లీ మన వేటగాళ్ల దగ్గరికి వస్తే, ఇల్లు చేరాక పెట్టె విప్పి ముక్కను నొక్కి చూస్తారు. లోపల ఇంకా మంచు పలుకులు తగిలితే మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతోంది. పూర్తిగా కరిగినా నాలుగు డిగ్రీలు దాటకపోతే ఫర్వాలేదు. రుచి మాత్రం కొంత తగ్గుతుంది.