ఆయా పని నుంచి మేనేజరు దాకా

ముసలివాళ్లను చూసుకోవడం మన ఆడవాళ్లకు కొత్తా? ఇంట్లో చేస్తే జీతం లేదు. వృద్ధాశ్రమంలో చేస్తే అది ఉద్యోగం.

2007లో వయోవృద్ధుల చట్టం వచ్చింది. ప్రభుత్వం ముందుగా జిల్లాకు ఒక ఆశ్రమమైనా పెట్టవచ్చని అందులో ఉంది. ఒక్కోదానిలో కనీసం 150 మంది పేద వృద్ధులకు చోటుండాలి. 'పెట్టవచ్చు' అన్నారు గానీ 'పెట్టి తీరాలి' అనలేదు. అదే లోపం.

ఆశ్రమంలో చాలామంది ఆయాగానే చేరతారు. మంచం పట్టినవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. మందు ఇవ్వగానే పుస్తకంలో రాయాలి. ఎవరికి, ఏ మందు, ఎన్ని గంటలకు? కింద సంతకం పెట్టాలి. రాయలేదనుకోండి. రాత్రి డ్యూటీకి వచ్చినామె అదే మందు మళ్లీ ఇస్తుంది. షుగరు మందు రెండుసార్లు పడితే మనిషి స్పృహ తప్పవచ్చు. ప్రాణమే పోవచ్చు.

ఆ పుస్తకం తప్పు లేకుండా రాసే ఆయా మీద నమ్మకం కుదురుతుంది. మెల్లగా సరుకుల లెక్క, డ్యూటీల పట్టీ ఆమె చేతికి వస్తాయి. మేనేజరు పని అంటే చాలావరకు ఇదే. ఇంకొకటుంది. "పెద్దమ్మా, స్నానం ఇప్పుడు చేస్తారా, సాయంత్రం చేస్తారా?" అని అడగడం పనివాళ్లకు నేర్పాలి. లాక్కెళ్లి నీళ్లు పోయడం సేవ కాదు.

పెద్ద ఆశ్రమాల్లో మేనేజరుకు డిగ్రీ అడుగుతారు. ఓపెన్ స్కూల్లో పది కట్టి, ఆపై చదువుకోవచ్చు. వృద్ధుల సేవలో శిక్షణ కూడా ఉంది. ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ డిఫెన్స్ ఆ కోర్సులు నడుపుతుంది.

చేరేముందు జీతం, పనిగంటలు, సెలవులు కాగితం మీద రాయించుకోవాలి. చదివాకే సంతకం.