చప్పుడుకీ ఓ రేటుంది!

సైలెన్సర్ పీకేసిన బుల్లెట్‌కి చలాన్ పడుతుందని మనందరికీ తెలుసు. విమానం చప్పుడికీ డబ్బు కట్టాలని మాత్రం నాకు జర్మనీ వచ్చాకే తెలిసింది.

నాతో పనిచేసే ఒకాయనకి సొంత విమానం ఉంది. అంబానీ రేంజ్‌లో ఊహించుకోకండి! 1946 నాటి పైపర్ కబ్. గుడ్డ కప్పిన రెక్కలు, ముందొకటి వెనకొకటి సీట్లు, 65 హార్స్‌పవర్ ఇంజిన్. మన స్విఫ్ట్ కారు పవరే అంతకంటే ఎక్కువ. ఓ ఆదివారం పొద్దున నన్ను ఎక్కించుకుని పక్క ఊరి ఎయిర్‌ఫీల్డ్‌లో దించారు. ల్యాండింగ్ ఫీజు కట్టడానికి వెళ్తే, మా పక్కనే ఆగిన కొత్త విమానం కంటే మాకే ఎక్కువ పడింది. అది మాకంటే బరువు, పవర్ కూడా ఎక్కువే. ఇదేం న్యాయం అనుకున్నా.

సంగతేంటంటే, ఇక్కడ చాలాచోట్ల ఫీజుకి బరువొక్కటే చూడరు. నాయిస్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. అది ఉంటే ఒక రేటు, మరీ తక్కువ చప్పుడైతే ఇంకా చవక, అసలు కాగితమే లేకపోతే వాత! విమానాల చప్పుడు మీద ఐకావో అంతర్జాతీయ రూల్స్ తెచ్చింది 1971లో. చిన్న ప్రొపెల్లర్ విమానాల వంతు ఆ తర్వాత వచ్చింది. 1946లో పుట్టినదానికి కాగితం ఎక్కణ్ణుంచి వస్తుంది? తాతగారిని బర్త్ సర్టిఫికెట్ అడిగినట్టుంది.

అలాగని పాతవన్నీ పాపం అనలేం. చిన్న విమానంలో చప్పుడు ఇంజిన్ పొగగొట్టం నుంచి కొంత, ప్రొపెల్లర్ నుంచి కొంత వస్తుంది. బ్లేడు కొస ఎంత వేగంగా తిరిగితే అంత గోల. కబ్ బ్లేడు కొస వేగం లెక్కేస్తే సెకనుకి 220 మీటర్ల దగ్గర తేలింది. రెండో ప్రపంచయుద్ధం నాటి ట్రైనింగ్ విమానం హార్వర్డ్‌కి 600 హార్స్‌పవర్, దాదాపు 2.74 మీటర్ల ప్రొపెల్లర్. ఫుల్ పవర్‌లో కొస వేగం 320 దాటుతుంది. ధ్వని వేగమే 340! అది టేకాఫ్ అవుతుంటే చెవులు మూసుకోవాల్సిందే. కాగితం లేకపోతే ఇవి రెండూ ఒకే గాటన పడతాయి. నా గొడవ అక్కడే.

సైలెన్సర్ పెట్టించొచ్చు, ఎక్కువ బ్లేడులున్న చిన్న ప్రొపెల్లర్ వేయించొచ్చు. కానీ అనుమతి తెచ్చుకోవాలి, చప్పుడు కొలిపించాలి. ఈ పద్ధతిలో రన్‌వే మీద పరుగు మొదలైన చోటు నుంచి 2,500 మీటర్ల దూరంలో మైకు పెట్టి, పైనుంచి ఎగురుతుంటే కొలుస్తారు. అదంతా సొంత ఖర్చే. ‘అంత పెట్టేకంటే అమ్మేయడం నయమేమో’ అన్నారాయన, రెక్క మీద చెయ్యేసి. నాకేం చెప్పాలో తోచలేదు.

అటు చూస్తే ఫెన్సింగ్ అవతలే ఇళ్లు. పెరట్లో ఓ కుటుంబం భోజనానికి టేబుల్ సర్దుకుంటోంది. వారమంతా పనిచేసి ఆదివారం కాస్త ప్రశాంతత కోరుకోవడం తప్పా? వాళ్ల కోసమే 1999 నుంచీ ఓ రూల్ ఉంది. రద్దీ ఎక్కువుండే చిన్న ఎయిర్‌ఫీల్డ్స్‌లో శని, ఆదివారాలు పొద్దున 9 లోపు, మధ్యాహ్నం 1 తర్వాత ఇలాంటి విమానాలు ఎగరకూడదు. చప్పుడు తక్కువని రుజువున్నవాటికి మినహాయింపు.

నేనింకా కేకు తింటూనే ఉన్నా. ఆయన వాచీ చూసుకుని ‘పద పద’ అన్నారు. టైం 12:40.