ఓడినా చేతికొచ్చిన పాయింట్లు

మా ఊరు రామారెడ్డి అనగానే జిల్లాలో అందరికీ ఇసన్నపల్లి కాలభైరవ స్వామి గుడి గుర్తొస్తుంది. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు ఈ ఊరు మండల కేంద్రం కూడా అయింది. ఇక్కడ పిల్లగాళ్లకు కబడ్డీ ఒకరు నేర్పాల్సిన పని లేదు. పొద్దుగూకే వేళ ఖాళీ జాగాలో సున్నంతో గీతలు గీస్తే చాలు, కూత మొదలవుతుంది. పట్టుబడ్డవాడు మన్నులో పడి ఈడ్చుకుంటూ నడిగీత వైపు చేయి చాపుతాడు. గీతకు, వేలికొసకు మధ్య బెత్తెడు దూరం. ఆ బెత్తెడు అందితే పాయింటు అతనిది, అందకపోతే పట్టినవాళ్లది.

2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైనప్పటి నుంచి తెలుగు టైటాన్స్ జట్టు లెక్క నేనొక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఒక్కో సీజన్‌కు ఒక్కో వరుస. ఆడినవి, గెలిచినవి, ఓడినవి, టైలు, పాయింట్లు, స్థానం. మొన్న మా ఇంటికొచ్చిన ఒక కుర్రాడు ఆ పుస్తకం తిరగేసి, రెండు వరుసల దగ్గర వేలు పెట్టి అడిగాడు: "ఎనిమిదో సీజన్‌లో ఒక్కటే గెలిచారు, 27 పాయింట్లు. తొమ్మిదో సీజన్‌లో రెండు గెలిచారు, 15 పాయింట్లేనా? తప్పు రాసినట్టున్నవ్ పెద్దనాయనా."

తప్పు కాదు. ఆ రెండు వరుసల లెక్క తెలిస్తే జట్టు చరిత్రంతా చదవడం వచ్చినట్టే.

పదకొండో సీజన్ దాకా లీగ్‌లో పద్ధతి ఇది: గెలిస్తే 5 పాయింట్లు, టై అయితే 3, ఏడు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడితే 1. ఏడు దాటిన తేడాతో ఓడితే సున్నా. కబడ్డీలో ఏడు పాయింట్లు పెద్ద దూరమేమీ కాదు. అవతలి జట్టులో ఉన్నవాళ్లందరినీ ఔట్ చేస్తే ఆలౌట్ కింద అదనంగా రెండు పాయింట్లు వస్తాయి. ముగ్గురు, అంతకంటే తక్కువ మంది మిగిలినప్పుడు రైడర్‌ను పడగొడితే సూపర్ టాకిల్, దానికీ అదనపు పాయింటు ఉంది. ముప్పై సెకన్లకొక రైడ్ సాగే ఆటలో మూడు నిమిషాల్లో బోర్డు తారుమారవుతుంది. అందుకే చివరిదాకా పోరాడి ఓడినవాడికి ఏదో ఒకటి దక్కాలని ఆ ఒక్క పాయింటు పెట్టారు.

ఇప్పుడు ఆ కుర్రాడి ప్రశ్నకు వద్దాం. ఎనిమిదో సీజన్ 2021-22లో, కోవిడ్ కారణంగా మొత్తం బెంగళూరులోనే జరిగింది. టైటాన్స్ 22 మ్యాచ్‌లాడి ఒకటి గెలిచారు, నాలుగు టై చేసుకున్నారు, 17 ఓడారు. గెలుపుకు 5, టైలకు 12, కలిపి 17. పట్టికలో ఉన్నది 27. మిగిలిన ఆ పది ఎక్కడివి? ఏడులోపు తేడాతో ఓడిన పది మ్యాచ్‌లవి. ఓడిన పదిహేడింటిలో పది మ్యాచ్‌లు అందినట్టే అంది చేజారాయన్నమాట. 2022లో జరిగిన తొమ్మిదో సీజన్‌లో రెండు గెలిచి 20 ఓడారు. గెలుపులకు 10 పోతే మిగిలింది 5. అంటే పదిహేను మ్యాచ్‌ల్లో దగ్గరికి కూడా రాలేకపోయారు. స్థానం రెండుసార్లూ చివరిదే, పన్నెండు. కానీ మొదటిది గట్టెక్కడం చేతకాని జట్టు, రెండోది మునిగిపోయిన జట్టు.

అంతకుముందు రోజులు వేరు. ఎనిమిది జట్లు ఆడిన తొలి నాలుగు సీజన్లలో టైటాన్స్ రెండుసార్లు సెమీఫైనల్ చేరారు. 2015లో బెంగళూరు బుల్స్ చేతిలో 38-39తో ఓడి మూడో స్థానంతో సరిపెట్టుకున్నారు. 2016లో జరిగిన నాలుగో సీజన్‌లో నాలుగో స్థానం. ఆ రోజుల్లో టైటాన్స్ అంటే రాహుల్ చౌదరి. నాలుగో సీజన్‌లో లీగ్ మొత్తంలో ఎక్కువ రైడ్ పాయింట్లు, 146, ఆయనవే. 2017లో జట్లు పన్నెండయ్యాయి, ఒక్కో జట్టుకు మ్యాచ్‌లు 14 నుంచి 22కు పెరిగాయి. ఒక్కడి కూత మీద అంత దూరం నడవడం కష్టం. 2019లో పదకొండో స్థానం, ఆ తర్వాత వరుసగా మూడుసార్లు అట్టడుగు.

ఆ మూడోసారి, అంటే 2023-24 పదో సీజన్‌లో, అప్పటికి లీగ్ చరిత్రలోనే అత్యధిక ధర 2 కోట్ల 60 లక్షల 50 వేలకు రైడర్ పవన్ సెహ్రావత్‌ను తెచ్చారు. ఆయన తన పని తాను చేశాడు, రైడ్ పాయింట్లు 200 దాటించాడు. అయినా జట్టు గెలిచింది రెండే. రైడర్ తెచ్చిన పాయింట్లను కాపాడే పట్టు వెనక లేకపోతే ఏమవుతుందో ఆ వరుస చూస్తే తెలుస్తుంది.

2024లో కథ మలుపు తిరిగింది. విజయ్ మలిక్, ఆశిష్ నర్వాల్ లాంటివాళ్లు రైడింగ్ భారం పంచుకున్నారు. 12 గెలుపులు, 66 పాయింట్లు, ఏడో స్థానం. ఆరో స్థానంతో ప్లేఆఫ్‌కు వెళ్లిన జైపూర్ పింక్ పాంథర్స్ గెలిచినవీ 12 మ్యాచ్‌లే. వాళ్లకు రెండు టైలున్నాయి, మనకు ఒక్కటీ లేదు. ఆ తేడా దగ్గరే దారి మూసుకుపోయింది.

పన్నెండో సీజన్ 2025 ఆగస్టు 29న విశాఖపట్నంలో మొదలైంది. ఈసారి లెక్కే మారింది. గెలిస్తే 2, ఓడితే సున్నా. లీగ్ మ్యాచ్‌లోనూ టై ఉండదు, ఐదేసి రైడ్లతో విజేతను తేల్చేస్తారు. టైటాన్స్ 18 మ్యాచ్‌ల్లో పది గెలిచి 20 పాయింట్లు తెచ్చుకున్నారు. ప్లేఆఫ్స్‌లో బెంగళూరు బుల్స్‌ను, పట్నా పైరేట్స్‌ను దాటి ఫైనల్‌కు ఒక్క అడుగు దూరం దాకా వెళ్లి, పుణేరి పల్టన్ చేతిలో 45-50తో ఆగిపోయారు.

నా పుస్తకంలో పాయింట్ల గడి మాత్రమే చూస్తే, 20 పాయింట్ల ఈ మంచి సీజన్ కంటే 21 పాయింట్లతో చివరన నిలిచిన పదో సీజనే మేలనిపిస్తుంది. లెక్క మారాక పాత అంకెను కొత్త అంకె పక్కన పెట్టి పోల్చకూడదు. అందుకే ఆ కుర్రాడితోనే స్కేలు పెట్టించి, పుస్తకంలో కొత్తగా ఒక నిలువు గడి గీయించాను. ఎంత తేడాతో ఓడారో ఇకమీద అందులో రాస్తాం. 2015 వరుసలో వాడు ఒకటి వేశాడు, 2025 వరుసలో అయిదు వేశాడు. రెండంకెలనూ కాసేపు చూసి, "బెత్తెడే" అన్నాడు.