కొత్త పిస్తోలు మొరాయిస్తే..

* తూటా ఇరుక్కోవడానికి కారణాలు అనేకం
* మ్యాగజైన్‌ నుంచే మొదలవ్వాలి పరిశీలన
* ఆకురాయి పడితే ఆయుధానికీ, యజమానికీ ముప్పే

నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగి సాధించుకున్న లైసెన్సు. ముచ్చటపడి కొన్న కొత్త పిస్తోలు. ఫైరింగ్‌ రేంజిలో తొలి తూటా పేలింది. రెండోదీ పేలింది. మూడోది గొట్టంలోకి వెళ్లకుండా దారిలోనే ఇరుక్కుంది. స్లైడు సగంలో ఆగిపోయింది. యజమాని ముఖంలో రంగులు మారాయి.

కొత్త సెమీ ఆటోమేటిక్‌ పిస్తోళ్లలో ఇది అరుదైన సంగతేమీ కాదు. కానీ తేలిగ్గా తీసుకోదగింది కూడా కాదు. ఆత్మరక్షణ కోసం కొన్న ఆయుధం ఆపద వేళ నిలిచిపోతే యజమాని ప్రాణానికి ముప్పు. ఇరుక్కున్న తూటాను తీసే తొందరలో వేలు ట్రిగ్గరుపై పడితే పక్కవారి ప్రాణానికి ముప్పు. లైసెన్సులో రాసిన కోటాకు మించి తూటాలు కొనే వీలు లేకపోవడంతో చాలామంది ఒకటి రెండుసార్లు పేల్చి, ఆయుధాన్ని బీరువాలో పెట్టేస్తారు. లోపం ఉంటే అది బీరువాలోనే దాగి ఉంటుంది.

యంత్రం పనితీరు ఇదీ..

తూటా పేలినప్పుడు పుట్టే వాయువుల ఒత్తిడి గుండును ముందుకు తోస్తుంది. అదే ఒత్తిడి ఖాళీ గుల్లను, దానితోపాటు స్లైడును వెనక్కి నెడుతుంది. ఎక్స్‌ట్రాక్టర్‌ అనే కొక్కెం గుల్లను బయటికి లాగుతుంది. ఎజెక్టర్‌ దాన్ని పక్కకు విసిరేస్తుంది. వెనక్కి వెళ్లిన స్లైడును రీకాయిల్‌ స్ప్రింగు మళ్లీ ముందుకు తోస్తుంది. ఆ రాకలో స్లైడు మ్యాగజైన్‌ పైనున్న తూటాను నెట్టుకొస్తుంది. తూటా ముక్కు ఫీడ్‌ ర్యాంప్‌ అనే చిన్న వాలు మీదుగా పైకెక్కి ఛాంబర్‌లోకి చేరుతుంది. ఇదంతా రెప్పపాటులో ముగుస్తుంది. ఇందులో ఏ ఒక్క అంకం తడబడినా పిస్తోలు ఆగిపోతుంది.

మన దేశంలో 9 ఎంఎం పిస్తోలు నిషిద్ధ బోరు. అందుకే సాధారణ లైసెన్సుదారుల చేతిలో ఎక్కువగా కనిపించేది .32 బోరు. అమెరికాకు చెందిన జాన్‌ బ్రౌనింగ్‌ రూపొందించిన ఈ తూటా 1899లో బెల్జియం పిస్తోలుతో పాటు వెలుగులోకి వచ్చింది. దీని అడుగు అంచు గుల్ల కన్నా కొద్దిగా వెడల్పు. ఈ చిన్న తేడా ఒక్కోసారి పెద్ద చిక్కు తెస్తుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. వెనక్కి జారితే రెండూ పెనవేసుకొని కదలకుండా బిగుసుకుంటాయి. పొట్టి గుండ్లున్న తూటాలతో ఈ ఇబ్బంది ఎక్కువ.

ముందు ప్రాణం.. తర్వాతే పరిశీలన

పిస్తోలు ఆగిన వెంటనే ట్రిగ్గరు నుంచి వేలు తీసేయాలి. గొట్టం మూతిని లక్ష్యం వైపే ఉంచాలి. ఏమైందో చూద్దామని తన వైపు తిప్పుకోవడం, పక్కవారికి చూపడం ప్రాణాంతకం. ట్రిగ్గరు నొక్కినా పేలకపోతే కనీసం 30 సెకన్లు అలాగే ఆగాలి. తూటా ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంది.

ఆ తర్వాత మొదట మ్యాగజైన్‌ తీయాలి. అప్పుడే స్లైడును రెండు మూడుసార్లు పూర్తిగా లాగాలి. ఈ వరుస తారుమారైతే స్లైడు లాగిన ప్రతిసారీ మరో తూటా ఛాంబర్‌లో చేరుతుంది. పిస్తోలు ఖాళీ అయిందన్న భ్రమలో ట్రిగ్గరు నొక్కి ప్రమాదాలు తెచ్చుకునేది ఇక్కడే. చివరగా స్లైడు వెనక్కి పట్టి ఛాంబర్‌ను కంటితో చూడాలి. వెలుతురు చాలకపోతే వేలితో తడిమి నిర్ధారించుకోవాలి.

మామూలు కన్నా నీరసమైన శబ్దం వచ్చినా, చేతికి దెబ్బ తక్కువగా తగిలినా పేల్చడం తక్షణం ఆపాలి. గుండు గొట్టంలోనే ఉండిపోయి ఉండొచ్చు. దాని వెనుక మరొకటి పేలిస్తే గొట్టం పగిలిపోతుంది.

లక్షణాన్ని బట్టి కారణం

జ్వరం ఒకటే అయినా కారణాలు వేరైనట్టే, పిస్తోలు ఆగడానికీ కారణాలు వేరువేరు. తూటా ఆగిన తీరే సగం సంగతి చెబుతుంది.

టప్‌మన్న శబ్దమే వచ్చి, ఛాంబర్‌ ఖాళీగా ఉంటే: మ్యాగజైన్‌ పూర్తిగా లోపలికి వెళ్లలేదు. గడియ పడిన శబ్దం వినిపించే వరకూ నెట్టాలి.

తూటా ముక్కు కిందికి వాలి ర్యాంప్‌ కింద గుచ్చుకుంటే: మ్యాగజైన్‌ స్ప్రింగు బలహీనమైనా, పెదవులు వంగినా ఇలా జరుగుతుంది. శుభ్రం చేసి బిగించేటప్పుడు స్ప్రింగును తలకిందులుగా పెట్టినా ఇదే ఫలితం.

తూటా సగం ఎక్కి ఆగితే: కొత్త స్ప్రింగుల బిగువు, ర్యాంప్‌పై మురికి, తూటా ఆకారం కారణం కావచ్చు. స్లైడును చేత్తో పట్టుకొని మెల్లగా వదలడం కూడా తప్పే. పూర్తిగా లాగి ఒక్కసారిగా వదిలేయాలి.

ఖాళీ గుల్ల పొగగొట్టంలా నిలబడి ఇరుక్కుంటే: స్లైడు పూర్తిగా వెనక్కి వెళ్లలేదు. తూటాలో బలం తగ్గినా, మణికట్టు వదులుగా పెట్టినా, బొటనవేలు స్లైడుకు తగులుతున్నా ఇలా అవుతుంది.

ఛాంబర్‌లో ఒకటుండగా వెనుక మరొకటి వచ్చి పడితే: ఎక్స్‌ట్రాక్టర్‌ పట్టు తప్పి ఉంటుంది. లేదా మ్యాగజైన్‌ పెదవులు తూటాను ముందుగానే వదిలేస్తున్నాయి. ఇలాంటప్పుడు స్లైడును వెనక్కి బిగించి, మ్యాగజైన్‌ లాగేసి, తర్వాత ఛాంబర్‌ ఖాళీ చేయాలి.

స్లైడు చివరి వెంట్రుకవాసిలో ఆగితే: ఛాంబర్‌లో మురికో, గట్టిపడిన గ్రీజో ఉన్నట్టు లెక్క.

ఒక్కో మార్పు చేసి చూడాలి

అన్నీ ఒకేసారి మార్చేస్తే అసలు కారణం చిక్కదు. మొదట పిస్తోలును శుభ్రం చేయాలి. నిల్వలో తుప్పు పట్టకుండా కర్మాగారంలో పూసే చిక్కటి నూనె, గ్రీజు కొత్త ఆయుధంలో అలాగే ఉంటాయి. వాటిని పూర్తిగా తుడిచి, స్లైడు జారే గాడుల్లో మాత్రమే ఒకటి రెండు చుక్కల తుపాకీ నూనె వేయాలి. మ్యాగజైన్‌ లోపల, ఛాంబర్‌లో తడి ఉండకూడదు. నూనె తూటా అడుగునున్న ప్రైమర్‌లోకి దిగితే మందు పనికిరాకుండా పోతుంది.

తర్వాత మ్యాగజైన్లపై 1, 2 అని అంకెలు వేసుకోవాలి. ఏ మ్యాగజైన్‌లో, ఎన్నో తూటాకు ఆగిందో చీటీపై రాసుకోవాలి. ఒక మ్యాగజైన్‌తోనే ఆగుతుంటే లోపం దానిదే. రెండింటితోనూ ఆగుతూ, తూటాల పెట్టె మార్చగానే సర్దుకుంటే తప్పు తూటాలది. అనుభవమున్న మరొకరు పేల్చినప్పుడు సాఫీగా నడిస్తే పట్టు మార్చుకోవాలి. ఏం మార్చినా ఆగుతుంటే లోపం పిస్తోలులోనే ఉంది. నిండుగా నింపినప్పుడు తొలి తూటాకే ఆగితే ఒకటి తగ్గించి నింపి చూడాలి. కొత్త స్ప్రింగు బిగువు కొంత వాడకంతో సర్దుకుంటుంది. ఎప్పుడూ చివరి తూటాకే ఆగితే మ్యాగజైన్‌ స్ప్రింగును అనుమానించాలి.

రోజూ రాత్రి నింపి, ఉదయం తీసే అలవాటున్నవారు మరో జాగ్రత్త పాటించాలి. ఒకే తూటాను పదేపదే ఛాంబర్‌లోకి ఎక్కిస్తే గుండు గుల్లలోకి దిగబడుతుంది. అది పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. పొడవు తగ్గినట్టు కనిపించిన తూటాను వాడకుండా పక్కన పెట్టాలి.

తేమ.. తోలు సంచి

కోస్తా జిల్లాల్లో గాలిలోని తేమ ఆయుధానికి శత్రువు. తోలు సంచిలో పెట్టి నెలల తరబడి వదిలేస్తే తోలు తేమను పట్టి ఉంచి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. బీరువాలో పెట్టేటప్పుడు సంచిలోంచి తీసి, పొడిగుడ్డతో తుడిచి పెట్టడం మేలు. తూటాలను వేరుగా, పొడిచోట, పిల్లల చేతికి అందకుండా తాళం వేసి ఉంచాలి.

ఆకురాయి పట్టొద్దు

ర్యాంప్‌ను కాస్త నునుపు చేస్తే సరిపోతుందన్న మాట వినిపిస్తూ ఉంటుంది. ఆ మాట విని లేతు పనివారి దగ్గరికి తీసుకెళ్లడం పెద్ద పొరపాటు. ర్యాంప్‌ వాలు వెంట్రుకవాసి మారినా గుల్ల అడుగుభాగానికి ఆసరా పోయి, పేలినప్పుడు చీలే ప్రమాదముంది. స్ప్రింగు చుట్లు కత్తిరించడం, మ్యాగజైన్‌ పెదవులను కటింగ్‌ప్లేయర్‌తో వంచడం కూడా ఇలాంటి పనులే. పైగా వారంటీ ఉంటే అదీ పోతుంది.

చట్టమూ ఇందుకు ఒప్పుకోదు. ఆయుధాల చట్టం-1959లోని 5వ సెక్షన్‌ ప్రకారం తుపాకులు మరమ్మతు చేయడానికి, పరీక్షించడానికి ప్రత్యేక లైసెన్సు ఉండాలి. పరీక్ష పేరుతో పొలం గట్టున, మేడపైన పేల్చడం తగదు. నిర్లక్ష్యంగా గానీ, వేడుకల్లో గానీ తుపాకీ పేల్చి ఇతరుల ప్రాణాలకు అపాయం కలిగించేవారికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించేలా 2019లో చట్టాన్ని సవరించారు.

లోపం పిస్తోలుదేనని తేలితే రాసుకున్న చీటీ, కొనుగోలు రసీదు, లైసెన్సు పుస్తకం వెంట పెట్టుకొని, తూటాలు తీసేసిన ఆయుధంతో అమ్మిన డీలరును సంప్రదించాలి. ఎన్నో తూటాకు, ఏ మ్యాగజైన్‌తో, ఎలా ఆగిందో చెప్పగలిగితే మరమ్మతు సగం అయినట్టే. బాగుచేసి ఇచ్చాక మళ్లీ రేంజిలో పరీక్షించి, వరుసగా కొన్ని మ్యాగజైన్లు ఆగకుండా పేలాకే నమ్మాలి. అంతవరకు ఆ పిస్తోలు ఇంట్లో ఉన్నా లేనట్టే లెక్క.