ఫ్లెక్సీ మీద నాలుగున్నర లక్షలు

కౌన్సెలింగ్ నెల వచ్చిందంటే ఇంజినీరింగ్ కాలేజీల గేట్ల ముందు ఫ్లెక్సీలు లేస్తాయి. పాస్‌పోర్టు ఫొటో, కింద పేరు, పక్కన కంపెనీ లోగో, ఎర్రటి లావుపాటి అంకెల్లో ప్యాకేజీ. ఒకే విద్యార్థికి మూడు కంపెనీలు ఆఫర్ ఇస్తే కాలేజీ లెక్కలో అవి మూడు ఉద్యోగాలు. ఇంటర్ అయిపోయిన పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులు ఆ ఫొటోల ముందు నిలబడి అంకెలు చదువుకుంటారు. ఆ నవ్వుతున్న పిల్ల చేతికి నెలకెంత వస్తోందో, ఏ పనిలో కూర్చోబెట్టారో, అసలు చేర్చుకున్నారో లేదో ఫ్లెక్సీ మీద ఉండదు.

ఇప్పుడు ఒక ఇంట్లోకి వెళ్దాం. ఊరు తెనాలి దగ్గర అనుకోండి. నాన్న ఎరువుల కొట్లో గుమాస్తా. అమ్మాయి ఈఈఈ ఆఖరి సంవత్సరం. ఇది ఒక్కరి కథ కాదు, ఏటా ఎన్నో ఇళ్లలో కొద్ది తేడాలతో నడిచేదే. అమ్మాయి చేతిలో రెండు ఆఫర్లున్నాయి. ఒకటి హైదరాబాద్‌లో ఐటీ సర్వీస్ కంపెనీ, ఏడాదికి నాలుగున్నర లక్షలు. రెండోది పటాన్‌చెరు వైపు ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసే ఫ్యాక్టరీ. గ్రాడ్యుయేట్ ఇంజినీర్ ట్రైనీ పోస్టు, ఏడాదికి మూడు లక్షలు.

నాన్న కొట్లోని క్యాలిక్యులేటర్ మీదే లెక్క తేల్చేశాడు. ‘‘నెలకి ముప్పై ఏడున్నర వేలమ్మా. రెండోదానికీ దీనికీ పన్నెండున్నర వేలు తేడా. ఇందులో ఆలోచించేదేముంది?’’

ఆలోచించాల్సినదంతా ఆఫర్ లెటర్ చివరి పేజీలో, అనుబంధం అని రాసిన పట్టికలో ఉంటుంది. ఆ నాలుగున్నర లక్షల్లో పాతికవేలు జాయినింగ్ బోనస్. ఒక్కసారే ఇస్తారు, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. నలభై వేలు వేరియబుల్ పే. కంపెనీ పనితీరు, మేనేజర్ రేటింగ్ కలిసొస్తే వస్తుంది. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా నెలకు 1,800 చొప్పున 21,600. గ్రాట్యుటీ పేరిట మూలవేతనంలో 4.81 శాతం, అంటే దాదాపు 10,800. గ్రూపు ఇన్సూరెన్సు మరో తొమ్మిదిన్నర వేలు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది సుమారు 3,43,000. దాన్ని పన్నెండుతో భాగించి, ఉద్యోగి వాటా పీఎఫ్ 1,800, వృత్తిపన్ను 200 తీసేస్తే నెలాఖరుకు బ్యాంకులో పడేది సుమారు 26,580.

ఫ్యాక్టరీ ఆఫర్‌నూ ఇలాగే విప్పితే నెలకు ఇరవై వేల పైచిలుకు వస్తుంది. అందులో జాయినింగ్ బోనస్, వేరియబుల్ లాంటి మెరుపుల్లేవు మరి. కొట్లో పన్నెండున్నర వేలనుకున్న తేడా ఆరున్నర వేలకు దిగింది. ఫ్యాక్టరీ బస్సు, క్యాంటీన్ భోజనం ఒక పక్క, గచ్చిబౌలి హాస్టల్ ఫీజు, షేర్ ఆటోలు మరో పక్క పెట్టి చూస్తే ఇంకా కిందికి దిగుతుంది.

ఈ అంకెలు ఉదాహరణకే. కంపెనీని బట్టి పట్టిక మారుతుంది. అయితే 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కించే వేతనం మొత్తం జీతంలో సగానికి తగ్గకూడదు. అలవెన్సుల పేరుతో మూలవేతనాన్ని కుదించే పాత అలవాటుకు అక్కడ కళ్లెం పడింది. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది నిండితే గ్రాట్యుటీ హక్కు కూడా వచ్చింది. అంతకుముందు అయిదేళ్లు ఆగాల్సి వచ్చేది.

అసలు ఫ్రెషర్ జీతానికి మూడు, మూడున్నర లక్షల దగ్గర కట్టిన గోడ ఎప్పటిది? 2010 ప్రాంతంలో పెద్ద సర్వీస్ కంపెనీలు ఫ్రెషర్‌కు మూడు లక్షలు, మూడుంపావు ఇచ్చేవి. ఈ మధ్య దాకా టీసీఎస్ నింజా ఆఫర్ 3.36 లక్షలు, ఇన్ఫోసిస్ సిస్టమ్ ఇంజినీర్‌ది 3.6 లక్షలు. ఈ మధ్యలో దేశంలో ధరలు రెట్టింపు దాటాయి. అంటే అప్పట్లో ఆ జీతంతో ఎస్సార్ నగర్‌లో రూము తీసుకుని తమ్ముడి ఫీజు కట్టిన అన్నకన్నా ఇప్పటి తమ్ముడు పేదవాడు. ఎక్కువిచ్చే దారులూ లేకపోలేదు. అదే టీసీఎస్‌లో డిజిటల్ కేడర్‌కు ఏడు లక్షలు, ప్రైమ్‌కు తొమ్మిది పైన. ఒకే పరీక్ష, ఒకే బ్యాచ్, ఒకే గేటు. లోపలికి వెళ్లాక మాత్రం ఏ కేడర్‌లో చేరామన్నది మొదటి ప్రాజెక్టు దాకా వెంటే వస్తుంది.

ఆఫర్ లెటర్‌కూ ఉద్యోగానికీ మధ్య ఉన్న దూరం గత కొన్నేళ్లలో బాగా కనిపించింది. ఆరున్నర లక్షలకు ఎంపిక చేసి వెయిటింగ్‌లో పెట్టిన కొందరు ఫ్రెషర్లను, మూడున్నర లక్షలకు వెంటనే చేరతారా అని 2023 ఫిబ్రవరిలో విప్రో అడిగింది. ఇన్ఫోసిస్ 2022లో ఆఫర్లిచ్చిన బ్యాచ్‌లో సుమారు రెండు వేల మంది జాయినింగ్ తేదీ కోసం రెండేళ్లకు పైగా ఎదురుచూశారు. 2024 అక్టోబర్‌లో మైసూరు క్యాంపస్‌లో చేరినవారిలో మూడు వందల మందికి పైగా శిక్షణ పరీక్షల్లో మూడు ప్రయత్నాల్లోనూ పాసవలేదంటూ 2025 ఫిబ్రవరిలో కంపెనీ పంపించేసింది. ఆ సంఖ్య ఇంకా ఎక్కువన్నది ఉద్యోగుల సంఘం వాదన. విషయం కార్మిక శాఖ దాకా వెళ్లింది. ఊరంతా స్వీట్లు పంచాక ఎదురుచూపుల్లో గడిచే రెండేళ్లు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా. ‘ఇంకా జాయినవలేదా?’ అన్న ప్రశ్నకు భయపడి పెళ్లిళ్లకు వెళ్లడం మానేసిన కుర్రాళ్లు ఆ బ్యాచ్‌లో ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు.

మొదటి ఉద్యోగం చిన్నదైతే జీవితమంతా చిన్నదిగానే మిగిలిపోతామా? ఫిలిప్ ఓరియోపోలస్, టిల్ వాన్ వాక్టర్, ఆండ్రూ హైజ్ అనే ఆర్థికవేత్తలు కెనడా పట్టభద్రుల మీద ఇదే పరిశీలించి 2012లో అధ్యయనం ప్రచురించారు. మాంద్యం రోజుల్లో చదువు ముగించినవారు మొదట్లో సుమారు 9 శాతం తక్కువ సంపాదించారు. అయిదేళ్లకు ఆ నష్టం సగమైంది. పదేళ్లకు దాదాపు మాయమైంది. ఎలా పూడింది? చాలావరకు మెరుగైన కంపెనీలకు మారుతూ పోవడం వల్ల. కదలలేనివారికి ఆ నష్టం చాలాకాలం వెంటాడింది. మనవాళ్లు ‘స్విచ్ కొట్టడం’ అనేది దీన్నే. కెనడా లెక్కను యథాతథంగా అమీర్‌పేటకు తెచ్చి అతికించలేం గానీ, ఇక్కడా రెండేళ్లు నిండగానే హైక్ కోసం కంపెనీ మారేవాళ్లను చూస్తే తీరు ఒకటేనని తెలుస్తుంది.

పేరుమోసినవాళ్ల మొదటి మెట్టునూ చూడండి. హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో ఎలక్ట్రానిక్స్ చదివిన శంతను నారాయణ్ 1986లో చేరింది మెజరెక్స్ ఆటోమేషన్ సిస్టమ్స్ అనే స్టార్టప్‌లో. ఆ పేరు ఇప్పుడెంతమందికి తెలుసు? అక్కణ్నుంచి ఆపిల్‌కు వెళ్లారు. అడోబీకి వచ్చింది 1998లో, సీఈఓ అయింది 2007లో. కాకినాడలో మెకానికల్, ఆపైన కాన్పూర్ ఐఐటీలో ఎంటెక్ చదివిన బీవీఆర్ మోహన్ రెడ్డి శ్రీరామ్ రెఫ్రిజరేషన్‌లో మొదలుపెట్టి హెచ్‌సీఎల్, ఓఎంసీ కంప్యూటర్స్ మీదుగా వచ్చి 1991లో ఇన్ఫోటెక్ పెట్టారు. ఇప్పటి సైయెంట్ అదే. వీటికి ఎదురు ఉదాహరణ కావాలంటే తమిళనాడు నుంచి వచ్చిన ఎన్.చంద్రశేఖరన్. 1987లో టీసీఎస్‌లో చేరి, కదలకుండా 2009లో ఆ కంపెనీకే అధిపతి అయ్యారు, 2017లో టాటా సన్స్ చైర్మన్. ఇలాంటివారిని చూపించి ‘ఉండిపోవాలి’ అనో ‘మారిపోవాలి’ అనో తీర్పు చెప్పడం క్యాంపస్ ఉపన్యాసాల్లో బాగానే ఉంటుంది. లక్షల్లో ఒకరి జాతకంతో మిగతావాళ్లకు ముహూర్తం పెట్టలేం.

మిగతావాళ్లకు పనికొచ్చే ప్రశ్న వేరే ఉంది. మొదటి రెండేళ్లలో చేతికి ఏ పని వస్తుంది? సర్వీస్ కంపెనీలో శిక్షణ అయ్యాక ఫ్రెషర్ ప్రాజెక్టు వచ్చేదాకా బెంచ్ మీద కూర్చుంటాడు. వచ్చిన ప్రాజెక్టు డెవలప్‌మెంట్ కావచ్చు, టెస్టింగ్ కావచ్చు, అమెరికా పగటివేళకు మేలుకునే సపోర్ట్ కావచ్చు. జావా నేర్పి మెయిన్‌ఫ్రేమ్‌లో వేసినా అడిగేవారుండరు. రాత్రి పదింటి నుంచి పొద్దున ఏడింటి దాకా టికెట్లు మూసే పని మూడేళ్లు చేసినవాడికి, బయటి ఇంటర్వ్యూలో ‘నువ్వు స్వయంగా కట్టినదేమిటి?’ అన్నప్పుడు గొంతు పెగలదు. మరి బెంచ్ అంటే హాయిగా కూర్చోవడం కూడా కాదిప్పుడు. ఏడాదికి కనీసం 225 రోజులు క్లయింటుకు బిల్లు వేయగల పనిలో ఉండాలనీ, బెంచ్ 35 రోజులు దాటకూడదనీ 2025 జూన్‌లో టీసీఎస్ నిబంధన పెట్టింది. మరుసటి నెలలోనే రెండు శాతం, అంటే పన్నెండు వేల పైచిలుకు ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించింది. ఆ వేటు ప్రధానంగా మధ్య, పై స్థాయుల మీదే. పదిహేనేళ్లుగా ఒకే క్లయింటు, ఒకే టూలు అని నిశ్చింతగా ఉన్నవారికి తగిలింది. ఇరవై రెండేళ్ల పిల్ల ‘భవిష్యత్తు ఎలా ఉంటుంది’ అని అడిగితే చూడాల్సింది ఆ నలభై ఏళ్ల వాళ్ల వైపే.

బాండ్ సంగతి చాలామంది సంతకం పెట్టాకే చదువుతారు. ఉద్యోగం మానేశాక మరో కంపెనీలో చేరకూడదన్న షరతు మన చట్టంలో నిలవదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ దానికి అడ్డం. అలాగని బాండ్లన్నీ చిత్తుకాగితాలేమీ కావు. మూడేళ్లు పనిచేయకుండా వెళ్లిపోతే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. ఉద్యోగంలో ఉన్నంతకాలానికి వర్తించే, సహేతుకమైన షరతు వేరు, వెళ్లాక కాళ్లు కట్టేసే షరతు వేరు అన్నది సారాంశం. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే పెట్టుకుంటామన్నా, శిక్షణకు ముందు లక్షో రెండు లక్షలో డిపాజిట్ కట్టమన్నా మాత్రం ఇక ఆలోచన అక్కర్లేదు, లేచి వచ్చేయాలి. మాదాపూర్‌లో ఇలా డబ్బులు తీసుకుని రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసిన ఆఫీసుల వార్తలు ఏటా వస్తూనే ఉన్నాయి.

తెనాలి అమ్మాయి దగ్గరికి మళ్లీ వద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యాక్టరీలో నేర్చుకునేది వైండింగ్, ఆయిల్ టెస్టింగ్, షాప్‌ఫ్లోర్ మీద పాతిక మంది కార్మికులతో పని చేయించడం. జీతం నత్తనడక నడుస్తుంది. తొలి అయిదేళ్లు ఐటీలో ఉన్న క్లాస్‌మేట్లు కార్లు కొంటుంటే చూస్తూ ఉండాలి. కానీ ఆ అనుభవం తొందరగా పాతబడదు, ఎక్కడ సబ్‌స్టేషన్ ఉంటే అక్కడ పనికొస్తుంది. ప్రభుత్వరంగ సంస్థల దారి కూడా తెరిచే ఉంటుంది. వాటికి కావాల్సిన గేట్ పరీక్ష స్కోరు మూడేళ్లు చెల్లుతుందని కాగితం మీద ఉన్నా, సంస్థలు ఎక్కువగా అడిగేది ఆ ఏటి స్కోరునే. కాబట్టి ఉద్యోగం చేస్తూ గేట్ రాద్దామనుకునేవారు షిఫ్టులెలా ఉంటాయో ముందే అడగాలి. ఇక్కడ ఈ రచయిత మొగ్గు దాచుకోనక్కర్లేదు: ఐటీ ఆఫర్‌లో డెవలప్‌మెంట్ పని వస్తుందన్న నమ్మకమైన సమాచారం ఉంటే అదే మేలు. ‘బిజినెస్ అవసరాన్ని బట్టి’ అన్న ఒక్క వాక్యమే హామీ అయితే ఫ్యాక్టరీయే నయం. ఇంటి మీద విద్యారుణం వాయిదా ఉన్నప్పుడు ఈ మొగ్గు తలకిందులైనా తప్పు పట్టలేం.

ఆ సమాచారం హెచ్‌ఆర్ దగ్గర దొరకదు, ప్లేస్‌మెంట్ ఆఫీసర్ దగ్గర అసలే దొరకదు. ఆయనకు ఫ్లెక్సీ ఉంది. అదే కంపెనీలో చేరి రెండేళ్లయిన సీనియర్‌ను పట్టుకోవాలి. లింక్డ్ఇన్‌లో కాలేజీ పేరు, కంపెనీ పేరు కొడితే పదిమంది కనిపిస్తారు. జీతం గురించి అడగనక్కర్లేదు. మీ బ్యాచ్‌లో ఎంతమందికి కోడింగ్ వచ్చింది, ఎంతమంది మిగిలారు, వెళ్లినవాళ్లు ఎక్కడికెళ్లారు అని అడిగితే చాలు.

అమ్మాయి ఆ రాత్రి ఓ సీనియర్‌కు మెసేజ్ పెట్టింది. ‘అక్కా, మీ కంపెనీ ఆఫర్ వచ్చింది. అయిదు నిమిషాలు మాట్లాడొచ్చా?’

తెల్లవారుజామున నాలుగూ పదికి జవాబు వచ్చింది. ‘ఇప్పుడు షిఫ్ట్‌లో ఉన్నా. మధ్యాహ్నం లేచాక ఫోన్ చేస్తా. యాక్సెప్ట్ చెయ్యడానికి ఎప్పటిదాకా టైమిచ్చారు?’

పొద్దున్నే అది చదివి అమ్మాయి ఆ టైము వైపు కాసేపు చూసింది. ‘శుక్రవారం దాకా’ అని టైపు చేసింది.